లూసీ మాట ఎవరు విన్నారు?

(పోలీసు, సినిమా, చరిత్ర – 4వ భాగం)

పగ తీర్చుకునే పోలీసు కథ మనందరికీ కంఠతా వచ్చు. నిజాయితీపరుడైన ఆఫీసరు, అమ్ముడుపోయిన పైఅధికారులు, ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న డాన్. హీరో ఇంట్లో ఒకరిని చంపేస్తారు. హీరో ఉద్యోగం వదిలేసి ఒక్కొక్కడి లెక్కా తేలుస్తాడు. ఏ భాషలో తీసినా ఆడే కథ ఇది. దీనికి బలమైన పాత నమూనాల్లో ఒకటి 1953లో అమెరికాలో వచ్చింది. పేరు ‘ది బిగ్ హీట్’. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్, తీసింది కొలంబియా పిక్చర్స్. నిడివి గంటన్నర. ‘హీట్’ అంటే అక్కడి నేరగాళ్ల భాషలో పోలీసుల తాకిడి.

ఈ సినిమా గురించి రాసేవాళ్లు ఎక్కువగా రెండు సంగతులు రాస్తారు. ఒకటి మరిగే కాఫీ, రెండోది హీరో పగ. నేను రాయబోయేది మూడో సంగతి. ఒక ఆడమనిషి పోలీసుకి నిజం చెప్తుంది. ఆయన నమ్మడు. మర్నాటికల్లా ఆమె శవమవుతుంది. ఆ నమ్మని పోలీసు లంచగొండి కాదు, మన హీరోనే. అవినీతి గురించిన సినిమాలో అసలు తాళం అక్కడ ఉందని నా వాదన.

ముందు కథ.

సినిమా మొదలవడమే బల్ల మీద ఉన్న తుపాకీతో. టామ్ డంకన్ అనే పోలీసు అధికారి కాల్చుకుని చనిపోతాడు. పక్కన జిల్లా అటార్నీ పేరు రాసిన కవరు, దాని దగ్గరే ఆయన బ్యాడ్జి. డిపార్ట్‌మెంటులో ఎవరెవరు ఎంతెంత తిన్నారో ఆ ఉత్తరంలో ఉంది. మెట్లు దిగి వచ్చిన భార్య బెర్తా మొగుడి శవాన్ని చూసి ఏడవదు. ఉత్తరం తీసి చదువుకుంటుంది. తర్వాత ఫోన్ ఎత్తుతుంది. ఆ ఫోన్ పోలీసులకి కాదు, ఊరిని నడిపించే మైక్ లగానా ఇంటికి. ఆ క్షణం నుంచి ఆ ఉత్తరం ఆమెకి నెలసరి పింఛను లాంటిది. తను బతికున్నంత కాలం అది బయటికి రాదు, తను చస్తే వస్తుంది. బేరం అంతే.

విచారణకి వచ్చిన సార్జెంటు డేవ్ బానియన్. గ్లెన్ ఫోర్డ్ వేశాడు. భర్తకి ఒంట్లో బాగుండేది కాదు, దిగులుతో చేసుకున్నాడు అని బెర్తా కళ్లు తుడుచుకుంటూ చెప్తుంది. మంచి ఇల్లు, మంచి బట్టలు, పోలీసు ఆఫీసరు విధవ. బానియన్ రాసుకుని వెళ్లిపోతాడు.

తర్వాత లూసీ చాప్‌మన్ నుంచి కబురొస్తుంది. లూసీ ‘ది రిట్రీట్’ అనే బారులో పనిచేసే మనిషి. టామ్‌తో ఆమెకి సంబంధం ఉంది. ఆమె చెప్పేవి మూడు ముక్కలు. టామ్‌కి ఏ జబ్బూ లేదు. భార్య విడాకులకి ఒప్పుకుంది, ఆయన సంతోషంగా ఉన్నాడు. ఇక మూడోది, వాళ్లకి లేక్‌సైడ్‌లో ఇంకో ఇల్లు ఉంది. పోలీసు జీతంతో అది ఎట్లా వస్తుంది?

చూడండి, కేసు మొత్తం ఆ మూడో ముక్కలో ఉంది. సినిమా చివర దేశమంతా పత్రికల్లో చదివే కుంభకోణానికి మొదటి ఆధారం అదే. బానియన్‌కి అది వినబడదు. ఆయన కళ్ల ముందున్నది బారు మనిషి. ఈమె చనిపోయినవాడి పేరు చెప్పి డబ్బు గుంజడానికి వచ్చిందనే ఆయన అనుమానం. పైగా లూసీ చెప్పిన మాటల్ని నేరుగా తీసుకెళ్లి బెర్తా ముందు పెడతాడు. బెర్తా నొచ్చుకుంటుంది. ఈయన ఇబ్బంది పడి బయటికొస్తాడు. ఆ తర్వాత లూసీ శవం ఊరి బయట దొరుకుతుంది, ఒంటి నిండా సిగరెట్లతో కాల్చిన మచ్చలతో.

బానియన్ దుర్మార్గుడు కాదు. లంచం ముట్టడు. లూసీ చచ్చాక ఆమె కేసు వదలడు, పైవాళ్లు వద్దన్నా బారుకెళ్లి అడుగుతాడు. కానీ బతికుండగా నమ్మనివాడు శవం దొరికాకే నమ్మాడు. ఆమె మాటకి లేని విలువ ఆమె ఒంటి మీది మచ్చలకి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు చెప్పింది ఆయన విన్నాడు. అబద్ధం చెప్పినామెని గౌరవించాడు, నిజం చెప్పినామెని అవమానించాడు. తేడా సాక్ష్యంలో లేదు, కూర్చున్న సోఫాలో ఉంది.

క్లాసులో కథలు చెప్పేటప్పుడు నేను పిల్లల్ని ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతాను. ఈ కథకుడు ఎవరి చావు దగ్గర ఆగాడు, ఎవరి చావుని దాటుకుంటూ పోయాడు? ‘ది బిగ్ హీట్’ లూసీ చావు దగ్గర ఆగదు. ఆమెని చంపడం మనం చూడం, కబురుగా వింటాం. కథ ఆగేది బానియన్ భార్య కేటీ చనిపోయినప్పుడు. పిల్లని చూసుకునే ఆయాని తీసుకురావడానికి కేటీ కారు తాళం తిప్పుతుంది, బాంబు పేలుతుంది. బానియన్ కోసం పెట్టిన బాంబు అది. పగ అక్కడి నుంచే మొదలవుతుంది. లూసీ చావుతో దర్యాప్తు మొదలైంది, కేటీ చావుతో యుద్ధం మొదలైంది. ఈ లెక్క సినిమా వేసింది, ప్రేక్షకులం మనం ఏ అభ్యంతరం లేకుండా ఒప్పుకున్నాం.

ఇప్పుడు ఆ కాలానికి వెళ్దాం. ఈ కథ గాలిలోంచి ఊడిపడలేదు.

1950 మే నెలలో అమెరికా సెనెట్ ఒక ప్రత్యేక సంఘం వేసింది. ఎస్టిస్ కెఫావర్ దానికి అధ్యక్షుడు. వ్యవస్థీకృత నేరాల మీద 14 నగరాల్లో విచారణ జరిపారు. 1951లో న్యూయార్క్ విచారణలు టీవీలో నేరుగా వచ్చాయి. జనం పనులు మానుకుని చూశారు. ఫ్రాంక్ కాస్టెల్లో అనే పెద్ద ముఠా నాయకుడు తన మొహం చూపించొద్దని పట్టుబట్టాడు. కెమెరా అతని చేతుల్ని మాత్రమే చూపించింది. కోట్లాది మంది ఆ చేతులు నలుపుకోవడం, కాగితం పట్టుకోవడం చూస్తూ కూర్చున్నారు. జూదం డబ్బు షెరీఫుల దాకా, పోలీసు పెద్దల దాకా, రాజకీయ నాయకుల దాకా ఎట్లా పారుతుందో మామూలు జనానికి మొదటిసారి వరసగా కనబడింది.

అదే సమయంలో న్యూయార్క్‌లో హ్యారీ గ్రాస్ కేసు. బ్రూక్లిన్‌లో పందాలు కట్టించుకునే బుకీ. పోలీసులకి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా మామూళ్లు కట్టేవాడని తేలింది. 1950లో నగర పోలీసు కమిషనర్ విలియం ఓబ్రయన్ దిగిపోవాల్సి వచ్చింది. 1951లో 18 మంది పోలీసుల మీద విచారణ మొదలైంది. గ్రాసే ముఖ్య సాక్షి. అతను మధ్యలో నోరు కట్టేసుకున్నాడు, ఇక చెప్పనన్నాడు. కేసు కొట్టేశారు. ఒక్కడు నోరు మూస్తే 18 మంది బయటపడ్డారు. బెర్తా బీరువాలోని ఉత్తరం సంగతి దీంతో కలిపి ఆలోచించండి. అందరికీ తెలిసిన నిజం, చెప్పాల్సిన ఒక్కరు చెప్పకపోతే కోర్టులో నిజం కాదు.

ఈ గాలిలోనే విలియం మెక్‌గివర్న్ నవల రాశాడు. ఫిలడెల్ఫియాలో పత్రికా విలేకరిగా పనిచేసినవాడు. ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’లో ధారావాహికగా వచ్చింది. స్క్రీన్‌ప్లే రాసిన సిడ్నీ బోమ్ కూడా పత్రికల్లోంచి వచ్చినవాడే. పోలీసు స్టేషన్ బల్లల దగ్గర గంటలు గడిపినవాళ్లు రాస్తే ఎట్లా ఉంటుందో సినిమాలో కనబడుతుంది. ఎవరూ ఎవరినీ లంచం తీసుకున్నావని అనరు. పైనుంచి ఫోన్ వచ్చింది అంటారు. ఆ విధవ జోలికి పోకు అంటారు. పింఛను దగ్గర పడుతోంది అంటారు. లెఫ్టినెంట్ విల్క్స్ ప్రతిసారీ ఇదే పని చేస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ ఫోన్ కింద బతకడం అలవాటైనవాడు.

లాంగ్ సంగతి కూడా చెప్పాలి. 1931లో జర్మనీలో ‘ఎమ్’ తీసినవాడు. అందులో ఒక హంతకుణ్ణి పట్టుకోవడానికి ఒకపక్క పోలీసులూ, ఇంకోపక్క దొంగల సంఘమూ సమావేశాలు పెట్టుకుంటారు. రెండు గదులూ ఒకే రకంగా ఉంటాయి. నాజీలు వచ్చాక 1933లో ఆయన సినిమా ఒకటి నిషేధించారు. ఆ ఏడే దేశం వదిలాడు. రాజ్యమే ముఠా అయితే ఏమవుతుందో దగ్గరగా చూసినవాడు. అమెరికాలో ఆయన మొదటి సినిమా 1936లో వచ్చిన ‘ఫ్యూరీ’. చేయని నేరానికి ఒకణ్ణి జైల్లో పెడితే ఊరి జనం మూకగా వచ్చి జైలు తగలబెడతారు. అతను బతికి బయటపడి ఆ మూక మీద పగ తీర్చుకోవాలని చూస్తాడు. ఆ బాధితుడు తెల్లవాడు, పెట్రోలు బంకు పెట్టుకున్నవాడు, వేసింది స్పెన్సర్ ట్రేసీ. టస్కెగీ సంస్థ లెక్క ప్రకారం 1882 నుంచి 1968 దాకా అమెరికాలో మూకలు చంపినవారు 4,743 మంది. వారిలో 3,446 మంది నల్లజాతివారు. మూకహత్య గురించి హాలీవుడ్ ఇచ్చిన గొప్ప సినిమాలో బాధితుడి రంగు తెలుపు. ఈ సంగతి పక్కన పెట్టుకుని మళ్లీ ‘ది బిగ్ హీట్’లోకి వద్దాం.

ఇందులో నాకు అన్నిటికన్నా భయం వేసే దృశ్యం విన్స్ స్టోన్ ఇంట్లో పేకాట. విన్స్ లగానాకి కుడిభుజం. లీ మార్విన్ వేశాడు. బల్ల చుట్టూ ఊరి పెద్దలు, వాళ్లలో పోలీసు కమిషనర్ హిగ్గిన్స్. విన్స్‌తో ఉండే డెబ్బీ, గ్లోరియా గ్రహమ్ వేసింది, బానియన్‌తో మాట్లాడి వచ్చిందని విన్స్‌కి తెలుస్తుంది. మరుగుతున్న కాఫీ కూజా ఎత్తి ఆమె మొహం మీద కొడతాడు. కెమెరా ఆ పని చూపించదు. అరుపు వినిపిస్తుంది. పక్క గదిలో కమిషనర్ ఉన్నాడు. నగరంలో చట్టానికి అతనికన్నా పెద్ద ప్రతినిధి లేడు. అతను చేసేది డెబ్బీని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, అదీ విన్స్ చెప్తే. కేసు లేదు, అరెస్టు లేదు. నేరం కమిషనర్ కళ్ల ముందే జరిగింది, అయినా అది నేరంగా నమోదు కాలేదు. అవినీతి అంటే కవరులో డబ్బు అనుకుంటాం. ఆ డబ్బు దేనికిస్తారో ఈ దృశ్యం చెప్తుంది. కొందరి అరుపు చెవిన పడకుండా ఉండడానికి ఇస్తారు.

ఇక పగ. ఇక్కడ హాలీవుడ్ నియమావళి గురించి తెలియాలి. 1930లో రాసుకుని 1934 నుంచి గట్టిగా అమలు చేసిన ప్రొడక్షన్ కోడ్ ఒకటుండేది. ఆధునిక కాలపు కథలో పగని సమర్థించకూడదని అందులో నియమం. చట్టాన్ని ఎగతాళి చేయకూడదని ఇంకొకటి. మరి పగ తీర్చుకునే పోలీసుని హీరోగా ఎట్లా చూపిస్తారు? సినిమా వెతికిన దారి చూడండి. బానియన్ బెర్తా గొంతు పట్టుకుంటాడు, కానీ చంపడు. ముఠాలోని లారీ గొంతు పట్టుకుంటాడు, చంపడు. అతను నోరు విప్పాడన్న కబురు మాత్రం బయటికి వదులుతాడు, లారీని వాళ్లే చంపుతారు. చివర విన్స్ మీద తుపాకీ ఎత్తుతాడు, కాల్చడు. చేతులు శుభ్రంగా మిగిలాయి.

మరి బెర్తా చావకపోతే ఉత్తరం బయటికి రాదు కదా. ఆ మాట బానియన్ డెబ్బీ ముందు అంటాడు. తన దగ్గరున్న తుపాకీ ఆమె దగ్గర వదిలి వెళ్తాడు. సగం మొహానికి కట్టుతో డెబ్బీ బెర్తా ఇంటికి వెళ్తుంది. ఇద్దరి ఒంటి మీదా మింక్ కోట్లే. మనిద్దరం ఒకే డబ్బు తింటున్న అక్కచెల్లెళ్లం అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడి కాల్చేస్తుంది. తర్వాత విన్స్ మొహం మీద కాఫీ పోస్తుంది. విన్స్ ఆమెని కాల్చేస్తాడు. కోడ్ సంతృప్తి పడింది. హంతకురాలికి శిక్ష పడింది, హీరో చట్టం దాటలేదు, ఉత్తరం బయటికొచ్చింది.

లూసీ, కేటీ, బెర్తా, డెబ్బీ. ఊరు శుభ్రపడటానికి నలుగురు ఆడవాళ్లు పోయారు. ఈ లెక్క ఎందరో స్త్రీవాద విమర్శకులు ఎప్పుడో వేశారు. నేను దానికి ఒక్క మాట కలుపుతాను. కేటీ తప్ప మిగిలిన ముగ్గురి చావుకీ సినిమాలో ఎవరూ దినం పెట్టరు. డెబ్బీ ప్రాణం పోయేటప్పుడు బానియన్ ఆమెకి కేటీ గురించి చెప్తాడు, భార్య ఎట్లా ఉండేదో, ఏమిటో. మంచి దృశ్యమే, గొంతు పట్టుకుంటుంది. కానీ చస్తున్నది డెబ్బీ, తలుచుకుంటున్నది కేటీని.

ఇన్ని చావుల మధ్య సినిమాలో ఒక మనిషి ఉంది, ఎవరూ గుర్తుపెట్టుకోరు. పేరు సెల్మా పార్కర్. పాత కార్లు విరగ్గొట్టే యార్డులో పనిచేస్తుంది. కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తుంది. బానియన్ యజమానిని అడిగితే తనకేం తెలియదంటాడు. సెల్మా వెనక నుంచి వచ్చి కంచె అవతల నిలబడి తనకి తెలిసింది చెప్తుంది. తర్వాత స్వయంగా వెళ్లి లారీ తలుపు కొట్టి, ఇతనే అని బానియన్‌కి గుర్తు చూపిస్తుంది. ఆమె చేతిలో బ్యాడ్జి లేదు, తుపాకీ లేదు. ఉద్యోగం పోతే దిక్కు లేదు. కేసు కదిలింది మాత్రం ఆమె మాటతో. ఈసారి బానియన్ విన్నాడు. బ్యాడ్జి బల్ల మీద పడేశాక, భార్య పోయాక, అప్పుడు ఒక పేద కుంటి ఆడమనిషి మాట ఆయన చెవికెక్కింది. సినిమా తెలిసి చెప్పిందో తెలియక చెప్పిందో గానీ చెప్పిన పెద్ద నిజం ఇదే.

సినిమా బయట వినని మాటలు ఎన్నో ఉన్నాయి. రెండు చెప్తాను.

1944 సెప్టెంబరు 3, అలబామా రాష్ట్రంలో ఆబెవిల్ అనే ఊరు. రీసీ టేలర్ అనే 24 ఏళ్ల నల్లజాతి స్త్రీ చర్చి నుంచి నడిచి వస్తోంది. తెల్ల కుర్రాళ్లు తుపాకీతో బెదిరించి ఎత్తుకెళ్లారు. ఆరుగురు అత్యాచారం చేశారు. ఆమె ఆ రాత్రే చెప్పింది. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ తరఫున విచారించడానికి మాంట్‌గోమరీ నుంచి రోజా పార్క్స్ వచ్చింది, ఆ పేరు మనకి తర్వాత బస్సు ఉద్యమంతో తెలిసింది. షెరీఫ్ ఏం చేశాడు? రీసీ నడవడిక మంచిది కాదని ప్రచారం చేశాడు. లూసీని బానియన్ చూసిన చూపు, అధికారిక హోదాలో. నిందితుల్లో ఒకడు ఒప్పుకున్నా, రెండు గ్రాండ్ జ్యూరీలు అభియోగం మోపడానికి నిరాకరించాయి. అలబామా శాసనసభ క్షమాపణ చెప్పింది 2011లో. అదే 2011లో ‘ది బిగ్ హీట్’ని అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు.

రెండోది 1946 ఫిబ్రవరి 12. ఐజక్ వుడర్డ్ అనే నల్లజాతి సైనికుడు యుద్ధం ముగించుకుని యూనిఫారంలోనే బస్సులో ఇంటికి వెళ్తున్నాడు. డ్రైవరుతో మాటామాటా వచ్చింది. సౌత్ కరోలినాలోని బేట్స్‌బర్గ్‌లో దింపేశారు. అక్కడి పోలీసు చీఫ్ లిన్‌వుడ్ షల్ లాఠీతో అతని రెండు కళ్లూ పోగొట్టాడు. కేసు కోర్టుకి వెళ్లింది. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అరగంట కూడా తీసుకోకుండా షల్‌ని వదిలేసింది. దర్శకుడు ఆర్సన్ వెల్స్ ఈ సంగతిని రేడియోలో వారాల తరబడి చెప్పాడు. ఆయనే 1958లో ‘టచ్ ఆఫ్ ఈవిల్’ తీశాడు, దొంగ సాక్ష్యాలు పెట్టి కేసులు గెలిచే పోలీసు కథ.

ఇవి దక్షిణాది పల్లెల సంగతులు అనుకోవద్దు. హాలీవుడ్ ఉన్న లాస్ ఏంజిలస్‌లోనే 1951 క్రిస్మస్ నాడు తాగి ఉన్న పోలీసులు ఏడుగురు కుర్రాళ్లని స్టేషన్లో చావగొట్టారు. వారిలో ఐదుగురు మెక్సికన్ మూలాలవాళ్లు. గొడవ పెద్దదయ్యాక 8 మంది పోలీసుల మీద అభియోగాలు పెట్టారు, 54 మందిని బదిలీ చేశారు, 39 మందిని సస్పెండ్ చేశారు. ఆ డిసెంబరులోనే, అదే పోలీసు శాఖ సహకారంతో తీసిన ‘డ్రాగ్‌నెట్’ టీవీలోకి వచ్చింది. అందులో పోలీసులు మర్యాదగా మాట్లాడతారు.

రీసీకి గానీ వుడర్డ్‌కి గానీ పగ అనే దారి లేదు. బానియన్ బ్యాడ్జి బల్ల మీద పడేసి వెళ్లగలడు, మళ్లీ వచ్చి తీసుకోగలడు. పిల్లకి కాపలా తీసేస్తే బావమరిది తన సైనిక స్నేహితుల్ని తెచ్చి కాపలా పెట్టగలడు. పగ తీర్చుకోవడానికి కూడా సమాజంలో ఒక స్థానం కావాలి. అది లేనివాళ్లకి మిగిలేది నోటి మాట. ఆ మాట ఎవరైనా రాసుకోవాలి.

మన దగ్గర 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 4వ సెక్షన్ ఉంది, విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి శిక్ష గురించి. 2015 సవరణ ఆ విధులు ఏమిటో విడమరిచి రాసింది. అందులో మొదటిది చూడండి. బాధితులు నోటితో చెప్పింది రాసుకుని, వాళ్లకి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. వినడం అనేది అధికారి మంచితనం మీద వదిలేయకుండా చట్టంలో రాయాల్సి వచ్చింది. ఎందుకు రాయాల్సి వచ్చిందో ఏ స్టేషన్ మెట్ల మీద గంటలు కూర్చున్నవాళ్లనైనా అడగండి.

సినిమా చివర లగానా, హిగ్గిన్స్ మీద కేసులు పెట్టినట్టు పత్రికలో వస్తుంది. బానియన్ మళ్లీ తన బల్ల దగ్గరికి వస్తాడు. ఫోన్ మోగుతుంది, సౌత్ స్ట్రీట్‌లో ఎవరినో గుద్దేసి వెళ్లిపోయిన కేసు. కాఫీ వేడిగా ఉంచమని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్తాడు. చెడ్డవాళ్లు పోయారు కాబట్టి డిపార్ట్‌మెంటు బాగుపడిందని సినిమా నమ్మమంటుంది. రేపు అదే బల్ల దగ్గరికి ఇంకో లూసీ వచ్చి, ఇంకో విధవ చెప్పింది అబద్ధమని అంటే బానియన్ ఏం చేస్తాడు? సినిమా చూసినప్పుడు ఆ ప్రశ్న వేసుకుని చూడండి. చూసినవాళ్లు సెల్మా గురించి మీకేమనిపించిందో కింద రాయండి.

తర్వాతి భాగంలో ‘టచ్ ఆఫ్ ఈవిల్’, సరిహద్దు ఊళ్లో పోలీసు పెట్టిన దొంగ సాక్ష్యం.

జై భీమ్.